మంద్రనాదము – మాటతేట

మన సంగీతమున మంద్రస్థాయికి గల గౌరవము తక్కువది కాదు. తంబుర శ్రుతి చేయువారు తుదకు చెవి నిలుపునది మంద్రషడ్జపు తీగమీదనే. మృదంగమున కుడిప్రక్క ఎంత స్పష్టముగా పలికినను, ఎడమనున్న తొప్పి గుమ్కి పలుకనిచో వాద్యము నిండినట్లుండదు. క్రిందిస్వరము తన్ను తాను చూపుకొనదు. అది యున్నప్పుడు దానిని ఎవ్వరును ప్రత్యేకముగా మెచ్చుకొనరు. లేనప్పుడు మాత్రము ఏదియో కొఱతగా నున్నదని అందఱును అందురు. ఈ వ్యాసము అట్టి క్రిందిస్వరమును గూర్చినది. అయితే ఇందు చర్చించునది తంబురయు కాదు, తొప్పియు కాదు. మన యువకులు ఇప్పుడు సభలలో వాయించుచున్న బేసు గిటారును, దానికిని పెద్ద యాంప్లిఫయరునకును నడుమ ఉంచెడి ప్రీయాంపు అను చిన్నపెట్టెయు ఇచటి విషయములు.

సంఘపు సంచికలో ఇట్టి విషయమేల యని పాఠకులు అడుగవచ్చును. మన పూర్వుల వలసలు, ఇంటిపేర్లు, కారమడై రంగనాథస్వామి మాసి తేరు, పందసేవ మున్నగువానిని గూర్చి చదువుటకు అలవాటుపడిన వారికి గిటారు పరాయిదిగా తోచుట సహజము. నాకును మొదట అట్లే తోచినది. కాని కొన్నియేండ్ల క్రిందట ఒక ఉగాదినాడు జరిగిన చిన్న సంఘటన నా అభిప్రాయమును మార్చినది.

ఆనాడు మన యువకులు పాటకచ్చేరి చేసిరి. ఇద్దరు గాయకులు, ఒక కీబోర్డు, ఒక తబలా, ఒక బేసు గిటారు. అద్దెకు తెచ్చిన లౌడుస్పీకర్లు నిలువెత్తువి. బేసు మ్రోగినపుడెల్ల కూర్చున్న కుర్చీలు అదరినవి. సభ ముగిసిన పిదప ముందువరుసలో కూర్చున్న ఒక అవ్వ బేసు వాయించిన బాలుని దగ్గరకు పిలిచి, తల నిమిరి, "బాగ వాయిస్తివి నాయనా. పాట మాత్రం ఏ భాషలో పాడిరో తెలియలేదు" అన్నది. బాలుడు తెల్లబోయి, "తెలుగేగదా అవ్వా!" అనెను. "అట్లనా? నాకు చెవుడు వచ్చిందేమోలే" అని ఆమె నవ్వి లేచిపోయినది.

అవ్వకు చెవుడు లేదు. ఆమె ప్రక్కనే కూర్చున్న నాకును పల్లవిలో సగము మాటలు అందలేదు. గాయకుల ఉచ్చారణలో దోషము లేదని తెలిసికొనుటకు మఱునాడు వారిని వాద్యములు లేకుండ పాడించి వింటిమి. ప్రతి అక్షరమును స్పష్టముగా వినబడినది. కాబట్టి మాటను మ్రింగినది మఱియొకటి. అది ఏదో కనుగొనవలెనని బేసు వాయించు బాలుడును, అతని మిత్రులిద్దరును, నేనును కలిసి కొన్ని నెలలు పాత పెట్టెలతో కుస్తీపట్టితిమి. ఆ అనుభవమును, దానినుండి ఏర్పడిన అభిప్రాయమును ఇచట వ్రాయుచున్నాను.

ముందుగా ఇది మనకెందులకు ముఖ్యమో చెప్పవలెను. విజయనగర రాజుల కాలమునను, మదురై నాయకుల కాలమునను ఈ కొంగునాటికి వచ్చి స్థిరపడిన కుటుంబములు మనవి. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము అన్నది తరతరములుగా మన బ్రదుకు. తమిళము మనలను పోషించిన నేల భాష. దానిని చక్కగా నేర్చుట మనకు బరువు కాదు. అయితే మన పిల్లలలో పెక్కుమందికి తెలుగు అక్షరములు రావు. 2006లో వచ్చిన చట్టముతో బడులలో ఒకటవ తరగతి మొదలుకొని తమిళము క్రమముగా తప్పనిసరి పాఠ్యభాష యైనపిదప, బడిలో తెలుగు చదువుకొను అవకాశము మఱింత సన్నగిల్లినది. కావున ఈ పిల్లలకు తెలుగు కంటిభాష కాదు, చెవిభాష. అమ్మమ్మ మాట, భజనపాట, సభలో వినిన పద్యము, సినిమాపాట, ఇవియే వారి వాచకములు. ఆంధ్రదేశమున పాటలో ఒక మాట వినబడకున్నచో శ్రోత పుస్తకము తెఱచి చూచుకొనును. ఇచట వినబడని మాట పిల్లవానికి లేని మాటయే.

ఇక మన భాషకు అజంతభాష యని పేరు. తెలుగు మాట సాధారణముగా అచ్చుతో ముగియును. అర్థభేదము పెక్కుచోట్ల ఆ చివరి అచ్చుపైననే ఆధారపడి యుండును. పాట, పాటి, పాటు అను మూడు మాటలు తీసికొనుడు. మొదటిది గానము, రెండవది విలువ, మూడవది శ్రమ. మూడింటికిని మొదలు ఒక్కటే. తేడా తుదియందే కలదు. కూడ, కూడి, కూడు అనునవియు అట్టివే. గాయకుడు మాట మొదలును నొక్కి పలుకును, తుదిని సుకుమారముగా విడుచును. ఆ సుకుమారమైన తుది వినబడవలెనన్నచో చుట్టును కొంత ఖాళీ యుండవలెను.

ఆ ఖాళీని బేసు ఎట్లు ఆక్రమించునో చూతము. బేసు గిటారునకు నాలుగు తీగలు. వానిని వ్రేలితో నొక్కకుండ విడిగా మ్రోగించినపుడు సెకనుకు సుమారు 41, 55, 73, 98 కంపనములు పుట్టును. 1951లో అమెరికాలో లియో ఫెండర్ తయారుచేసిన ప్రెసిషన్ బేసుతో ఈ వాద్యము ప్రపంచమునకు అలవాటైనది. అంతకుముందు ఆర్కెస్ట్రాలలో ఈ పని చేసినది మనిషంత యెత్తున నిలబెట్టి వాయించెడి డబుల్ బేసు. దక్షిణదేశమున బేసు గిటారుపై యువకులకు మోజు కల్పించినది ముఖ్యముగా ఇళయరాజా సంగీతము. పణ్ణైపురమునుండి వచ్చి 1976లో 'అన్నక్కిళి'తో సినిమారంగమున ప్రవేశించిన ఆయన, బేసును తాళమునకు ఊతకఱ్ఱగా మాత్రమే వాడక, పాటకు జోడుగా నడచు రెండవ పాటగా తీర్చెను. 1983లో వచ్చిన 'సాగరసంగమము'నకు ఆయన జాతీయ పురస్కారము పొందెను. ఆ చిత్రపు పాటలను, 1989 నాటి 'గీతాంజలి' పాటలను శ్రద్ధగా వినిన వారికి ఒక విషయము బోధపడును. అందు బేసు నిత్యము కదలుచునే యుండును, అయినను ఒక్క తెలుగు మాటయు చెడదు. కాబట్టి దోషము వాద్యమునందు లేదు.

మఱి ఎందున్నది? తీగ కంపనము 41 అని చెప్పినను, తీగ ఒక్క స్వరముతో మ్రోగదు. దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు గల ఉపస్వరములు వెంట వచ్చును. అందు 200 మొదలు 400 వఱకు గల భాగము బేసునకు నిండుదనము నిచ్చును. అదే భాగము మితిమీరినచో ధ్వని బురదగా మారును. మానవుని నోట పుట్టు ఇకార ఉకారముల మొదటి అనునాదము సుమారు 300 దగ్గర నుండును. అకారమునకు అది 700 ప్రాంతమున నుండును. ధ్వనిశాస్త్రమున నొక నియమము కలదు: పెద్దగా మ్రోగెడి క్రిందిస్వరము తనకు పైనున్న సన్నని స్వరములను కప్పివేయును, పైస్వరము క్రిందిదానిని అంతగా కప్పలేదు. ఈ రెండింటిని కలిపి చూచినచో అవ్వ చెప్పినది శాస్త్రసమ్మతమే. ఇకారమునకు 2000కు పైన రెండవ అనునాదము కలదు గనుక అది కొంత తప్పించుకొనును. ఉకారపు రెండవ అనునాదము సైతము క్రిందనే, వేయిలోపుననే యుండును. కాబట్టి బురదబేసు చేతిలో అన్నిటికన్న ముందుగా పోవునది ఉకారము. తెలుగులో మాటల తుదిని తఱచుగా వచ్చునదియు ఉకారమే. ఇతర భాషల పాటకు ఇబ్బంది మాత్రమే యైనది మన పాటకు ప్రాణాపాయ మగుచున్నది.

ఇక ప్రీయాంపు. గిటారు తీగ క్రిందనుండు అయస్కాంతపు పికప్ పుట్టించెడి విద్యుత్తు మిక్కిలి స్వల్పము. దానిని పెద్ద యాంప్లిఫయరు స్వీకరింపదగినంత బలము చేయుట ప్రీయాంపు మొదటి పని. రెండవ పని బాధ తగ్గించుట. మైకు కొఱకు ఏర్పఱచిన దారిలో గిటారును నేరుగా గ్రుచ్చినచో, ఒకటి రెండు వేల ఓములే యుండు ఆ దారి పికప్ బలమును లాగివేయును. మీది ఉపస్వరములు చచ్చి, మొద్దు ధ్వని మిగులును. పికప్ కోరునది 10 లక్షల ఓముల దారి. మూడవ పని నాదమును తీర్చుట, అనగా ఏ భాగము హెచ్చవలెను, ఏ భాగము తగ్గవలెను అని నిర్ణయించుట. మా ఉగాదిసభలో జరిగినది ఇదియే: గిటారు నేరుగా మైకుదారిలో గ్రుచ్చబడినది, తీగల స్పష్టత పోయినది, పోయిన స్పష్టతను తెచ్చుటకై బేసు గుండి తిప్పి హెచ్చించిరి, బురద పెరిగినది.

నాదమును తీర్చుట మనకు క్రొత్త కాదు. తంబుర గుఱ్ఱముపై తీగ క్రింద చిన్న నూలుపోగు దూర్చి, దానిని వెండ్రుకవాసి జరుపుచు జీవము పలికించుట మన పెద్దలకు వెన్నతో బెట్టిన విద్య. దానికైన వెల ఒక నూలుపోగు. మృదంగపు తొప్పికి సభకు ముందు తడిపిన రవ్వముద్ద అద్ది బరువు పెంచుట, ఎక్కువైనచో గోటితో గీచి తీయుట ఎన్నిమారులు చూడలేదు? మనకు పొరుగైన పళనికి చెందిన సుబ్రహ్మణ్యపిళ్ళై (1908–1962) తొప్పి నాదమునకు ప్రసిద్ధులు. పాల్ఘాట్ మణి అయ్యరు (1912–1981) వంటి మహావిద్వాంసుడు మైకు వాద్యనాదమును చెఱచునని దానిని విముఖతతో చూచెను. మఱియొకవైపు, 1969లో పాలకొల్లున పుట్టిన ఉప్పలపు శ్రీనివాసు విద్యుత్ మాండలినును చేపట్టి, జంటతీగలను తీసివేసి ఒంటితీగలు ఐదు కట్టి, గమకమునకు, క్రిందిస్థాయికి చోటు కల్పించి, విద్యుద్వాద్యము కర్ణాటకసంగీతమున తలవంచుకొని కూర్చుండగలదని లోకమునకు చూపెను. ఒకరు యంత్రమును వలదనిరి, ఒకరు యంత్రమును లొంగదీసిరి. ఇరువురును చెవిని మాత్రము యంత్రమునకు అప్పగింపలేదు.

మేము పరీక్షించిన పెట్టెలు మూడు. మూడును పాతవి, మూడును చౌకవి. క్రొత్త విదేశీ ప్రీయాంపు కొనుట మా శక్తికి మించినది, అది ఒక కారణము. రెండవ కారణము కోయంబత్తూరు వాసన. 1937లో డి. బాలసుందరనాయుడుగారితో కలిసి దేశీయముగా విద్యుత్ మోటారు తయారుచేసిన జి. డి. నాయుడుగారు (1893–1974), 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని ప్రకటించిరి. అట్టివారు తిరిగిన ఊరికి ప్రక్కనే యుండి, ఉన్న సామానుతో ప్రయత్నింపకయే లేని సామానునకు ఏడ్చుట మాకు నచ్చలేదు.

మొదటిది వాల్వు పెట్టె. ఒకప్పుడు పెండ్లిపందిళ్ళకు మైకుసెట్టు అద్దెకిచ్చిన ఒక పెద్దమనిషి తన అటకమీదినుండి దించి యిచ్చిన యాంప్లిఫయరు ముందుభాగమది. అందు ఐరోపావారు ఇ.సి.సి. 83 అనియు, అమెరికావారు 12 ఎ.ఎక్స్. 7 అనియు పిలుచు వాల్వు కలదు. రెండవది ట్రాన్సిస్టరు పెట్టె. బి.సి. 148 అను సిలికాన్ ట్రాన్సిస్టర్లతో, తొమ్మిది వోల్టుల బ్యాటరీతో ఎవరో అభ్యాసకుడు చేతితో అతికినది. బేసునకు ఒకటి, ట్రెబులునకు ఒకటి, రెండు గుండీలు. మూడవది ప్రీయాంపు అనుటకు కూడ తగనిది. టేపురికార్డర్ల కాలమునాటి ఐదు జారుగుండీల ఈక్వలైజరు. వానిక్రింద 100, 330, 1000, 3300, 10000 అని అంకెలు చెక్కబడి యున్నవి.

పరీక్షించు పద్ధతియు చెప్పవలెను. వాయించువాడు, గిటారు, తీగలు, స్పీకరు, స్థలము మార్చలేదు. పెట్టెను మాత్రము మార్చితిమి. హాలు వెనుకవరుసలో పదిమంది పిల్లలను కూర్చుండబెట్టితిమి. గాయని పాట, పాటి, పాటు వంటి మాటలను ఒక వరుస లేకుండ ఒకే రాగచ్ఛాయలో పాడుచుండ, బేసు ఆగక మ్రోగుచుండ, పిల్లలు వినిన మాటను చెప్పవలెను. ఇది ప్రయోగశాల పరిశోధన కాదు, ఇంటి పరీక్ష. అయినను "ధ్వని దివ్యముగా నున్నది" అనుకొనుచు స్పీకరు ముందు తల యూచుటకన్న ఇది నిజాయతీ గల కొలత యని నా నమ్మకము.

వాల్వు పెట్టె మమ్ములను తొలుత మోహపెట్టినది. తీగ మీటగానే నాదము గుండ్రముగా, వెచ్చగా వచ్చినది. బాలురు ఎగిరి గంతులు వేసిరి. కాని పాట ఆగినప్పుడు ఒక గుఱ్ఱు. మన విద్యుత్తు సెకనుకు 50 మారులు ఊగును; దానిని సరిచేయు భాగము పాతబడినచో 100 కంపనముల హోరు వినబడును. ఈ 50 అన్నది బేసు మొదటి రెండు తీగల నడుమ వచ్చి పడినది. 100 అన్నది నాలుగవ తీగ 98కి ప్రక్కనే నిలిచి, ఆ తీగను విడిగా మీటినప్పుడెల్ల సెకనుకు రెండు మారులు ఊగులాడినది. శ్రుతి కలియని తంబురను ప్రక్కన పెట్టుకొని పాడినట్లైనది. పాత కెపాసిటర్లు మార్పించి, భూమితీగ సరిచేయించిన పిదప ఆ బాధ చాలవఱకు తీరినది.

ఆ వెచ్చదనము దేనివలన? వాల్వు తనకిచ్చిన స్వరమును ఉన్నదున్నట్లు వదలక, కొంచెము వంచి, రెండింతల స్వరమును చేర్చును. శాస్త్రరీత్యా ఇది దోషము. కాని ఈ దోషమున నొక ఉపకారము కలదు. భజనలకు మనము వాడు సన్నని నిలువు స్పీకర్లు 41 కంపనములను పలుకజాలవు. అయినను 82, 123, 164 వినబడినచో మన చెవి వానినిబట్టి లేని 41ని తానే ఊహించి వినును. వాల్వు ఆ మెట్లను బలపఱచును గనుక, తక్కువ ధ్వనితోనే బేసు ఉన్నట్లు తెలియును, హెచ్చింప నక్కఱలేదు. చిన్నమండపమున, చిన్న స్పీకర్లతో వాల్వు పెట్టె పెట్టినపుడు పిల్లలు మాటలను చక్కగా పట్టుకొనిరి. అదే పెట్టెను నిలువెత్తు స్పీకర్లకు తగిలించినపుడు ఆ వెచ్చదనమే బురదగా మారి 'పాటు' మరల మునిగినది. ఒక పెట్టె మంచిదా చెడ్డదా యని విడిగా అడుగుట వ్యర్థమని నాకు తెలిసినది ఇచటనే.

ట్రాన్సిస్టరు పెట్టె నిశ్శబ్దమైనది. బ్యాటరీపై నడచును గనుక హోరు లేదు. ఉన్నదున్నట్లు పలుకును. కాని దాని బేసు గుండియే మోసకారి. ఇట్టి రెండు గుండీల ఏర్పాటును పీటర్ బాక్సండాల్ అను ఆంగ్లేయుడు 1952లో 'వైర్లెస్ వరల్డ్' పత్రికలో ప్రకటించెను; నాటినుండి రేడియోలలో, గ్రామఫోనులలో అదియే వ్యాపించినది. ఇంటిలో పాట వినుటకు అది ఎంతో యోగ్యము. బేసు గిటారునకు మాత్రము ఒక చిక్కు కలదు. ఆ గుండిని త్రిప్పినచో 50 దగ్గఱ మాత్రమే హెచ్చి ఆగదు. 200, 300 కూడ వెంట లేచును. మనము కోరునది క్రింది గాంభీర్యము, మనకు దక్కునది నడిమి బురద. ఆ గుండిని నడిమికన్న కొంచెము వెనుకకు త్రిప్పి యుంచినప్పుడే పిల్లలు చక్కగా వినిరి. బేసు వాయించువానిని బేసు గుండి తగ్గింపుమనుట, అన్నము వడ్డించువానిని గరిటె దాచుకొమ్మనుట వంటిది. మా బాలుడు రెండువారములు అలిగెను.

అతని అలుక తీర్చినది మూడవ పెట్టె. 330 అను అంకెపైనున్న గుండిని క్రిందికి జార్చి, 100 దగ్గఱి గుండిని యథాస్థానమున ఉంచి, 1000 దగ్గఱిదానిని కొంచెము పైకి జరిపితిమి. గాంభీర్యము చెడలేదు, తీగపై వ్రేలు పడు చప్పుడు స్పష్టమైనది, బురద విడిపోయినది. వెనుకవరుస పిల్లలు 'పాటు'ను 'పాటు'గానే వినిరి. ఈ పెట్టెకు సన్నని బుస యున్నది, గుండీలలో దుమ్ము చేరి గరగరలాడును, చూచుటకు అందము లేదు. అయినను మూడింటిలో చౌకయైనదియు, నిలువెత్తు స్పీకర్ల ముందు మాటకు అధికముగా ఉపకరించినదియు ఇదే. ట్రాన్సిస్టరు పెట్టె వెనుక దీనిని చేర్చి వాడుట మా పెద్దసభలకు స్థిరపఱచుకొంటిమి.

ఇచట విదేశీ పెట్టెల ఖ్యాతిని గూర్చి నొక మాట. 1970 దశకమున పేరు వడసిన అలెంబిక్ ఎఫ్-2బి అను ప్రీయాంపును గూర్చి వాద్యకారులు నేటికిని భక్తితో మాటాడుదురు. అది ఫెండర్ డ్యుయల్ షోమన్ యాంప్లిఫయరు ముందుభాగమును ఆధారము చేసికొన్నది. ఆ జాతి ఏర్పాటులో గుండీలన్నిటిని నడుమ నుంచినను నాదమున 400, 500 ప్రాంతమున నొక పల్లము సహజముగా ఏర్పడును. గుండీలు చూచి సమతలముగా నున్నదనుకొందుము. చెవిలో మాత్రము పల్లమే వినబడును. ఆ పెట్టె గొప్పది కాదని నేననను. కాని దాని మాధుర్యములో కొంతభాగము, నడిమి భాగమును తగ్గించుటయే. మా ఈక్వలైజరులో నొక గుండిని క్రిందికి జార్చి మేము చేసినదియు దాని దగ్గఱి చుట్టమే. పాతదను పేరుమీద వెల పదింతలు పలుకు వస్తువులను చూచినపుడు, ఆ వెలలో నాదమునకెంత, పేరునకెంత యని ప్రశ్నించుట విమర్శకుని విధి.

అట్లని పాతదంతయు బంగారమనుటయు తప్పే. పాత పెట్టెలలో ఎండిన కెపాసిటర్లు, తుప్పుపట్టిన స్విచ్చులు, పగిలిన తీగలు ఉండును. వాల్వు పెట్టెలో 250 వోల్టులకు పైబడిన విద్యుత్తు కలదు. మెయిను తీసివేసిన తరువాత సైతము కెపాసిటర్లలో అది నిలిచి యుండును. తెలిసినవారి పర్యవేక్షణ లేక బాలురు దాని మూత తీయరాదు. ఈ హెచ్చరిక వ్రాయకుండ పాత వాల్వులను ప్రశంసించుట బాధ్యత లేని పని.

మఱియొక సత్యమును దాచరాదు. మూడు పెట్టెలకన్న ఎక్కువ మార్పు తెచ్చినది బాలుని వ్రేలు. తీగను గుఱ్ఱమునకు దగ్గఱగా మీటినపుడు నాదము గట్టిగా, తేటగా వచ్చినది. మెడకు దగ్గఱగా మీటినపుడు మెత్తగా ఉబ్బినది. స్వరమును సాగనీయక, గాయని మాట ముగించు వేళకు తీగపై అరచేయి ఆనించుట అతడు నేర్చుకొన్నపుడు సగము చిక్కు పెట్టెలతో పనిలేకయే తీరినది. తొలినాటి ఫెండరు బేసులలో తీగలను అణచుటకు మూతక్రింద మెత్తని ముక్క నొకదానిని అమర్చెడివారు. మా బాలుడు పాత తువ్వాలు ముక్క పెట్టెను. తంబుర నూలుపోగు ఉపస్వరములను లేపును, ఈ తువ్వాలు ముక్క వానిని అణచును. పని వేరైనను వెల రెంటికిని ఒక్కటే.

నా వాదమునకు హద్దులు కలవు. కోలాటము, నృత్యము మున్నగు వానియందు మాటకన్న అడుగు ముఖ్యమైనప్పుడు బేసు హెచ్చినను నష్టము లేదు; ఆనందమే. యువకుల ఉత్సాహమును పెద్దల చెవికి కుదించి, వాద్యములన్నియు గుసగుసలాడవలెనని శాసించుట నా ఉద్దేశము కాదు. మన సభలలో బేసు ఉండవలెను. క్రిందిస్వరము లేని పాట పునాది లేని ఇల్లు. నేను కోరునది ఒక్కటే: పునాది ఇంటిలోనికి పెరుగరాదు. సాహిత్యము పాడుచున్నప్పుడు వాద్యము తగ్గవలెను, సాహిత్యము ఆగినప్పుడు లేవవలెను. ఇది మన మృదంగ విద్వాంసులు అనాదిగా పాటించుచున్న మర్యాదయే.

సభ నడుపువారికి నొక చిన్న మనవి. ఇకమీద ధ్వనిని సరిచూచునపుడు వేదికముందు నిలిచి 'హలో, హలో' అని పలుకుట చాలదు. 'హలో' యను మాట ఎట్టి యంత్రములోనైనను వినబడును. వెనుకవరుసలో ఒక అవ్వను, ఒక పిల్లవానిని కూర్చుండబెట్టి, వాద్యములన్నియు మ్రోగుచుండగా ఒక తెలుగు వాక్యమును పాడించి, వారేమి వినిరో అడుగుడు. వారు తిరిగి చెప్పగలిగినచో గుండీలను అచటనే వదలుడు.

మఱుసటి ఉగాదికి ఆ అవ్వ మరల వచ్చినది, వెనుకనున్న కుర్చీలో కూర్చున్నది. సభ ముగిసినంతట బాలుడు తానే వెళ్ళి, "ఏమవ్వా, ఈసారి ఏ భాష?" అని అడిగెను. అవ్వ జవాబు చెప్పలేదు. పల్లవిలోని మొదటి రెండు మాటలను తానే పాడి, మూడవ మాటకు అర్థమేమని అతనిని తిరిగి ప్రశ్నించినది. బాలునకు తెలియదు. ఆమె చెప్పినది. అతడు తన ఫోనులో దానిని తమిళ లిపిలో వ్రాసికొనుట నేను చూచితిని.

మన యిండ్ల అటకలమీద పాత యాంప్లిఫయర్లు, చెడిన టేపురికార్డర్లు, రేడియోలు ఇంకను పెక్కు కలవు. ఇనుపసామానువానికి తూకము వేసి యిచ్చుటకు ముందు ఒకమారు మా యువకులను పిలువుడు. వానిలో పనికివచ్చునవి వారు ఏఱుకొందురు.